ఎన్ని ఐటమ్స్ పెడితే మర్యాద?

సంక్రాంతికి చుట్టాలను పిలుద్దామనుకోగానే ఇంట్లో మొదలయ్యే చర్చ ఒకటే: ఎన్ని ఐటమ్స్ పెట్టాలి? వరంగల్, హనుమకొండ ఇళ్లలో పండగ భోజనం మెల్లగా ఫంక్షన్ హాల్ మెనూ అయిపోతోంది. పనీర్ కర్రీ, మంచూరియా, ఫ్రైడ్ రైస్, ఐస్‌క్రీమ్. జనవరిలో తిన్నా జూన్‌లో తిన్నా వీటి రుచి మారదు. మరోపక్క రైతుబజారులో చిక్కుడుకాయ, పచ్చి కందికాయ, రేగుపండ్లు కుప్పలుగా పోసి ఉంటాయి.

ఐటమ్స్ పెరిగినకొద్దీ ఆ బరువు మోసేది ఇంటి ఆడవాళ్లే. అందరికీ వడ్డించి, చల్లారిన కూరతో చివర్లో తినేది వాళ్లే. వచ్చిన ఆడబిడ్డతో నాలుగు మాటలు మాట్లాడే తీరిక కూడా వాళ్లకు దొరకదు. పిలిచిన మనిషే వంటింట్లో చిక్కుకుపోతే చుట్టాలను పిలిచి ఏం లాభం?

మన పండగలో దీనికి ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. శ్రమ ఎక్కువున్న పని ముందే, పదిమందితో కలిసి చేసుకునేవారు. సకినాలే చూడండి. కొత్త బియ్యం నానబెట్టి, వడగట్టి, గిర్నీలో తడిపిండి పట్టిస్తారు. నువ్వులు, వాము, ఉప్పు వేసి కలిపి, వేళ్ల మధ్య పిండిని మెలితిప్పుతూ బట్ట మీద చుట్లు చుట్లుగా పోస్తారు. పిండి గట్టిగా ఉంటే చుట్టు విరుగుతుంది, పలుచనైతే నిలవదు. బట్ట తడి పీల్చుకున్నాకే నూనెలోకి. ఇరుగుపొరుగు కూర్చుంటే ఆ పని కబుర్లలో అయిపోతుంది. సకినాలు చాలా రోజులు నిలవుంటాయి కాబట్టి పండగ రోజు చుట్టాలు గడప దాటగానే పళ్లెం సిద్ధం.

ఇక ఆ రోజు వండాల్సింది కొంచెమే. ఉప్పేసి ఉడికించిన కందికాయలు మధ్యలో పెడితే పెద్దలూ పిల్లలూ ఒలుచుకుంటూ మాటల్లో పడతారు. భోజనంలోకి జొన్నరొట్టె, చిక్కుడు టమాట కూర, పప్పు, పచ్చిపులుసు, గడ్డపెరుగు. పండుమిర్చి పచ్చడికి చపాటా మిర్చి కంటే మంచిది లేదు. ఎర్రటి రంగు, తక్కువ కారం. మన వరంగల్ చపాటాకు 2025లో జీఐ గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తికి ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. పచ్చడి కూడా ముందురోజే నూరిపెట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: కొత్త బియ్యంతో అన్నం ముద్దవుతుంది. అది పరమాన్నానికి వాడి, బగారన్నానికి పాత బియ్యం తీయండి.

కొత్త అల్లుడొస్తే ఇది చాలదు, నలుగురూ ఏమనుకుంటారోనన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. ఆ టెన్షన్ నిజమైనదే, కొట్టిపారేయలేం. కానీ కనుమ నాడు అల్లుడికి గుర్తుండేది మంచి నాటుకోడి కూర, వేడివేడి రొట్టె. పక్కన బిర్యానీ, రెండు వేపుళ్లు పెడితే ఆ కూరకే అన్యాయం.

వడ్డన కూడా అంతే. వాడి పారేసే ప్లాస్టిక్, థర్మోకోల్ ప్లేట్లపై 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. ములుగు వైపు అడవుల్లో మోదుగాకుకు కొదవలేదు. పుల్లలతో కుట్టిన ఆ విస్తరిలో వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి పడితే దానికి వేరే అలంకారం అక్కర్లేదు. వంట తక్కువ కాబట్టి వండినవాళ్లు కూడా అదే పంక్తిలో కూర్చోవచ్చు. ఈసారి వడ్డించే పని ఇంటి మగవాళ్లు తీసుకోవాలి.