రెండోసారి రాసే భాగ్యం

నీట్ ఫలితాలు వచ్చినప్పుడల్లా మా వాట్సాప్ గ్రూపులల్ల ఒకటే రకం పోస్టులు తిరుగుతయి. "హమాలీ బిడ్డకు ఎంబీబీఎస్ సీటు." కింద ఎవరో ఒకరు రాస్తరు: చూసిండ్రా, కష్టపడితే పేదరికం అడ్డం రాదు. ఆ పిల్లకు నా దండం. ఆ కింది మాటకు మాత్రం నా కడుపు మండుతది. నేనూ హమాలీ బిడ్డనే.

మా బాపు ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసిండు. ఎండకాలం ఆయన అంగీ దులిపితే ఇంటిల్లిపాదికి తుమ్ములు, కండ్లల్ల మంట. 2006ల బైపీసీ అయిపోయి ఎంసెట్ రాసిన, అప్పట్ల డాక్టర్ సీటుకు అదే పరీక్ష. సీటు కొద్దిల తప్పింది. నా పక్క బెంచీ దోస్తుకు నాకంటే వెనుక ర్యాంకు. వాళ్ల నాయిన హన్మకొండల లెక్చరర్. వారం తిరగకముందే దాన్ని విజయవాడల లాంగ్ టర్మ్‌కు, అంటే ఏడాదంత మళ్లీ అదే పరీక్షకు చదివించే కోచింగ్‌కు పంపిండు. మరుసటేడు రాలే. మళ్లీ పంపిండు. మూడోసారికి సీటొచ్చింది. ఇయ్యాల మంచి పిల్లల డాక్టర్. దాని కష్టాన్ని నేను తక్కువ చేస్తలేను, రెండేండ్లు బతుకమ్మకు కూడ ఇంటికి రాలే.

మా బాపు ఒక్కటే అడిగిండు: "బిడ్డా, ఇంకో ఏడు సదివితె పక్కా వస్తదా?" పక్కా అని నేనెట్ల చెప్పాలె? డిగ్రీ బీజెడ్‌సీల చేరిన. తర్వాత బీఈడీ, డీఎస్సీ. ఇప్పుడు జెడ్పీ హైస్కూల్ల జీవశాస్త్రం చెప్తున్న. ఈ ఉద్యోగమంటే నాకు పాణం, దాని మీద రంది లేదు. కానీ ఇద్దరం ఒకే లాంతరు కింద కూసున్నట్టు చదివినోళ్లమే. వాళ్లింట్ల రెండుసార్లు తప్పినా పొయ్యి ఆరదు. మాకు ఒక్కసారే.

తెలియకపోవుడు ఇంకో సంగతి. కాజీపేట తొవ్వల 1959ల పెట్టిన ఆర్ఈసీ ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నది, ఇప్పటి ఎన్‌ఐటీ. దాని గేటు ముందర నుంచి బస్సుల ఎన్నిసార్లు పోయినమో లెక్కలేదు. అండ్ల సగం సీట్లు మన రాష్ట్రపు పిల్లలకే అని ఎంపీసీ చదివిన మా తమ్మునికి ఇంట్ల చెప్పేటోళ్లెవరు? ఇంజినీరింగ్ అయిపోయినంక తెలిసింది వానికి.

నా క్లాసుల చూస్తున్న. అక్టోబర్ల పత్తి ఏరుడు, ఫిబ్రవరి వస్తే మిరపకాయ ఏరుడు. పదో తరగతి పరీక్షలు మార్చిల. సరిగ్గా రివిజన్ పూట బెంచీలు ఖాళీ, ముఖ్యంగా ఆడపిల్లలయి. మార్కులొచ్చినంక "శ్రద్ధ లేదు" అని రాస్తం.

1966ల అమెరికాల సమాజశాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం 4 వేల దాకా బడులల్ల 6 లక్షల పైచిలుకు పిల్లలను పరీక్షించింది. బడి వసతుల కంటే ఇంటి నేపథ్యమే మార్కుల మీద ఎక్కువ కనబడుతున్నదని తేల్చింది. అది పట్టుకొని "బడి ఏం చేస్తది, అంతా ఇంటి రాత" అనేటోళ్లున్నరు. వాళ్లతోని నాకు అసలే పడదు. మన లక్నెపల్లిల పుట్టిన పీవీ చొరవతోని 1971ల సర్వేల్‌ల తొలి గురుకులం మొదలైంది. గురుకులం చేసిందేంది? ఇల్లు ఇయ్యలేనిది ఇచ్చింది. మూడు పూటల తిండి, రాత్రి దీపం, అడిగితే చెప్పే సారు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ గురుకులంల చదువుకుంటనే 2014ల, 13 ఏండ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ పిల్ల ధైర్యం ఆ పిల్లదే. కానీ ఆ కొండ దాకా తోలుకపోయినోళ్లు, శిక్షణకు ఖర్చు పెట్టినోళ్లు ఉన్నరు గద! తప్పిన పిల్లకు ఇంకో ఏడు తిండిపెట్టి చదివించే జాగ కూడ అట్లనే ఉండాలె, మండలానికొకటి. నేనడిగేది దానం గాదు.

నా దగ్గర చదివిన ఒక పిల్లకు ఈసారి నీట్ల సీటు కొద్దిల పోయింది. వాళ్లమ్మ మిరప తోటలకు కూలికి పోతది, పిల్లను కూడ పట్నంల బట్టల దుకాణంల పెడతనంటున్నది. ఆదివారం వాళ్లింటికి పోతున్న. కోచింగ్ ఫీజు ముచ్చట తర్వాత. ముందుగాల, ఒక ఏడాదికి ఆ పిల్ల జీతం ఎంత పోతదో వాళ్లమ్మ పక్కన కూసోని లెక్క రాయాలె.