సెంప్రె అంటే 'ఎప్పుడూ' అని బట్టీ పట్టినవాళ్ల కోసం

ఇటలీలోని టొరీనో నగరానికి వచ్చిన కొత్తలో మా ఇంటి కింద బేకరీ ఆవిడ "లవోరి సెంప్రె లి?" అని అడిగింది. ఇటాలియన్ భాష నేర్చుకునే యాప్ చెప్పిన ప్రకారం సెంప్రె అంటే ఎప్పుడూ. ఎప్పుడూ అక్కడే పని చేస్తావా అంటోందనుకుని, శని ఆదివారాలు సెలవు కదా అని నవ్వుతూ "నో, నో" అన్నాను. ఆవిడ మొహం వాడిపోయింది. "మి దిస్పియాచె" (అయ్యో, బాధగా ఉంది) అంటూ ఫొకాచ్చా రొట్టె ముక్క ఇంకొకటి సంచిలో వేసి, దానికి డబ్బులు వద్దంది. ఆవిడ అడిగింది "ఇంకా అక్కడే చేస్తున్నావా?" అని. నా ఉద్యోగం ఊడిందనుకుంది పాపం.

ఒక మాటకు ఒకే అర్థం రాసి చేతులు దులిపేసుకునే యాప్‌ల మీద నాకు అప్పటి నుంచీ మంట. వాడుకలో ఈ మాట ఎన్ని వేషాలేస్తుందో చూడండి. 'సెంప్రె పియూ కారో' అంటే ధర రోజురోజుకీ పెరుగుతోందని. 'ఎ పుర్ సెంప్రె తుయో ఫ్రతెల్లో' అంటే "ఎంతైనా నీ తమ్ముడే కదా". ఈ 'ఎంతైనా' ఏ యాప్‌లోనైనా కనబడిందా? పియానో నోట్స్‌లో 'సెంప్రె పియానో' అని ఉంటే, మళ్లీ చెప్పేదాకా తక్కువ శబ్దంతోనే వాయించమని. నాకు అర్థమైనంతలో సెంప్రెలో శాశ్వతత్వం కన్నా 'మార్పు లేకుండా' అన్న భావమే ఎక్కువ.

మన తెలుగువాళ్లకు అసలు గొయ్యి వేరే ఉంది. 'వాడు ఎప్పుడూ రాడు' అంటే మనకు అసలే రాడని. అదే పద్ధతిలో 'నోన్ వియెనె సెంప్రె' అన్నామా, ఇటాలియన్లకు 'వస్తాడు గానీ ప్రతిసారీ రాడు' అని వినబడుతుంది. అసలే రాడని చెప్పాలంటే 'నోన్ వియెనె మాయి' అనాలి. ఎప్పుడూ అన్న ఒక్క మాటతో మనం రెండు పనులూ కానిచ్చేస్తాం, వాళ్లకు రెండు మాటలు కావాలి. మా తెలుగు రూమ్మేట్లు ముగ్గురూ ఇక్కడే బోల్తా పడ్డారు. నేను రెండుసార్లు.

ఎప్పటికీ అని చెప్పాలంటే ముందు 'పెర్' తగిలించాలి: పెర్ సెంప్రె. ప్రేమికుల మాట ఇదే. రోమ్‌లో మిల్వియో వంతెన మీద 2006 నుంచి జంటలు పేర్లు రాసిన తాళాలు వేసి, తాళంచెవులు తీబెర్ నదిలోకి విసిరేవాళ్లు. ఆ బరువుకు 2007లో దీపస్తంభం ఒకటి ఒరిగిపోయింది. 2012లో నగరపాలక సంస్థ వాళ్లు కట్టర్లు తెచ్చి తాళాలన్నీ కోసి పట్టుకుపోయారు. ఆరేళ్ల పెర్ సెంప్రె!

మొన్న బేకరీ ఆవిడ మళ్లీ అదే ప్రశ్న వేసింది. ఈసారి దర్జాగా "సీ, సెంప్రె లి" అన్నాను. సంతోషించింది. రెండో ఫొకాచ్చాకు డబ్బులు తీసుకుంది.