సిరోంచ కింద చమురు సముద్రం: ఆ సందేశంలో తప్పెక్కడ?

గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో మన తెలుగువాళ్ల వాట్సాప్ గుంపుల్లో ఒక రంగుల పటం తిరుగుతోంది. "బోరు లాగ్‌లో పసుపు పట్టీ అంతా చమురే. రెసిస్టివిటీ కూడా ఎక్కువ. కోనసీమలో దొరికింది ఇదే గోదావరి ఒడ్డున ఎందుకు దొరకదు? బోరు నీళ్ల మీద నూనె తేలుతోంది, చూడండి" అని దాని కింద రాత.

లాగ్ అంటే బోరులోకి పరికరం దింపి, లోతు వెంబడి రాళ్ల గుణాలను కొలిచి గీసే రేఖ. లాగ్ పటాల్లో ఇసుకరాయికి పసుపు వేయడం ఆనవాయితీ, అంతే. ఆ పట్టీని గీసేది గామా రే లాగ్. రాతిలోని పొటాషియం, థోరియం, యురేనియంల సహజ రేడియోధార్మికతను అది కొలుస్తుంది. బంకమన్ను నిండిన షేల్ అనే రాయి దగ్గర రీడింగు పెరుగుతుంది, శుభ్రమైన ఇసుకరాయి దగ్గర తగ్గుతుంది. రంధ్రాల్లో నీళ్లున్నాయో గ్యాసుందో దానికి పట్టదు.

రెసిస్టివిటీ (కరెంటును అడ్డుకునే గుణం) వాదన కాస్త గట్టిది. ఉప్పునీరు కరెంటును సులువుగా పోనిస్తుంది, చమురు పోనివ్వదు. 1942లో చమురు ఇంజినీరు ఆర్చీ ఇచ్చిన సూత్రం ఈ తేడాతోనే రంధ్రాల్లో నీటి వంతును లెక్కగడుతుంది. అయితే మంచినీరు కూడా కరెంటును అంతగా పోనివ్వదు. మన బోర్లలో తాగుతున్నది మంచినీరే కదా! బొగ్గు మరీ మాయలాడి: గామా తక్కువ, రెసిస్టివిటీ ఎక్కువ, అచ్చం గ్యాసున్న ఇసుకరాయిలాగే. గోదావరి లోయేమో బొగ్గుకు పేరుపడ్డది. క్వార్ట్జ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములైతే బొగ్గుది అంతకన్నా చాలా తక్కువ. గ్యాసున్నా సాంద్రత తగ్గుతుంది కనుక సాంద్రత లాగ్‌తో పాటు, హైడ్రోజన్‌ను పసిగట్టే న్యూట్రాన్ లాగ్ కూడా చూడాలి. బొగ్గు దగ్గర అది ఎగబాకుతుంది, గ్యాసు దగ్గర పడిపోతుంది. తిరుగుతున్న పటంలో ఈ రెండు లాగ్‌లూ లేవు. లోతు కొలత సైతం కత్తిరించేశారు.

కోనసీమతో మనకు బంధుత్వం నిజంగానే ఉంది. మండపేట గ్యాసు కూడా గోండ్వానా కాలపు (మన బొగ్గు ఏర్పడిన ప్రాచీన కాలం) ఇసుకరాయి నుంచే వస్తోంది. కానీ అక్కడ ఆ రాయి కిలోమీటర్ల లోతున, తర్వాతి కాలపు పొరల కింద ఉంది. దాని దిగువన ఉన్న కొమ్ముగూడెం బొగ్గు, షేల్ పొరలు ఆ లోతు వేడికి గ్యాసునిచ్చాయి. మన దగ్గర గోండ్వానా ఇసుకరాయి చాలాచోట్ల నేలమీదే కనిపిస్తుంది. పైన షేల్ మూత లేకపోతే గ్యాసు చేరినా నిలవదు. లోపల ఎక్కడైనా అలాంటి మూత ఉందా అన్నది ఒక్క బోరుతో తేలదు. చాలా బోర్ల లాగ్‌లు పక్కపక్కన పెట్టి, ఏ పొర ఎక్కడ పలచబడిందో, ఎక్కడ భ్రంశం (నేలపొరలు చీలి జరిగిన చోటు) దగ్గర తెగిందో కలుపుకుంటూ పోవాలి.

నీటి మీది నూనె సంగతి తేల్చుకోవడానికి పుల్ల చాలు. కదిపితే తెట్టు పెంకుల్లా విడిపోయిందా, అది నీటిలోని ఇనుముతో బతికే బ్యాక్టీరియా పని. మళ్లీ కలిసిపోతే నూనే. అప్పుడైనా ముందు బోరు మోటారును చూపించండి, కారుతున్నది దాని నూనే కావచ్చు.