పంజరం తలుపు తీసేయమనే సలహా చిలుక ప్రాణాల మీదికి తెస్తుంది

ఉగాదికీ, దసరాకీ, పంద్రాగస్టుకీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇది: ఇంట్లో రామచిలుక ఉంటే ఈ రోజే మేడ మీదికి తీసుకెళ్ళి పంజరం తలుపు తీసేయండి. రెక్కలు కత్తిరించి ఉన్నా పదిహేను రోజుల్లో మొలుస్తాయి. అడవి పక్షికి తిండి వెతుక్కోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. పిల్లయితే పాలన్నం పెట్టి, కాస్త ఎదిగాక వదలండి. ఇంట్లో చిలుక లేకపోతే సంతలో ఒకటి కొని వదిలినా పుణ్యమే. ఫారెస్టు వాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి, కేసు మీ మెడకే చుట్టుకుంటుంది.

పంపేవాళ్ళ మనసు మంచిదే. చిలుక పంజరంలో ఉండకూడదన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ ఆ మాట వెనకాల వచ్చే సలహాల్లో ప్రతి ఒక్కటీ ఆ పక్షిని చంపేదే, లేదా ఇంకో పక్షిని పంజరంలోకి తెచ్చేదే.

"రెక్కలు పదిహేను రోజుల్లో మొలుస్తాయి"

కత్తిరించిన ఈక మళ్ళీ పెరగదు. గోరు, వెంట్రుక అడుగు నుంచి పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఈకా అంతే అనుకుంటాం. పూర్తిగా ఎదిగిన ఈకలో ప్రాణం ఉండదు. కత్తెర పడ్డాక మిగిలిన మొద్దు, పక్షి ఈకలు మార్చే కాలం వచ్చి తానే రాలిపోయేదాకా అలాగే ఉంటుంది. రామచిలుక ఏడాదికి ఒకసారి, గూళ్ళ కాలం ముగిశాక ఈకలు మారుస్తుంది. ఒక్కో రెక్క చివర పది పెద్ద ఈకలుంటాయి. అవి ఒక్కసారిగా రాలవు. మధ్యలో మొదలై అటొకటి ఇటొకటిగా మారతాయి. మొత్తం మారడానికి నెలలు పడుతుంది. ఈకల కాలం అయిపోయాక కత్తెర పడిన పక్షి దాదాపు ఏడాది ఆగాల్సి రావచ్చు.

ఇందులో ఇంకో చిక్కుంది. కొత్త ఈక నెత్తురు నిండిన కాడతో, తొడుగులో వస్తుంది. మామూలుగా పక్కనున్న పాత ఈకలు దానికి దన్నుగా ఉంటాయి. పక్కన మొద్దులే ఉంటే అది ఒంటరిగా పొడుచుకొచ్చి, ఊచలకు కొట్టుకుని విరుగుతుంది. 120 గ్రాముల చిలుక ఒంట్లో ఉండే రక్తం సుమారు 12 మిల్లీలీటర్లు. అందులో రెండు మూడు మిల్లీలీటర్లు పోయినా ప్రమాదమే. అలా విరిగినప్పుడు మొక్కజొన్న పిండి అద్ది, శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. ఈకను పీకాలా వద్దా అన్నది పశువైద్యులు తేల్చాలి. త్వరగా కొత్తవి వస్తాయని మొద్దులన్నీ ఇంట్లోనే పీకేసేవాళ్ళున్నారు. అది భరించలేని నొప్పి. పైగా ఈక పుట్టే గుంట దెబ్బతింటే అక్కడ ఇక ఎప్పటికీ వంకర ఈకే వస్తుంది, లేదా అసలు రాదు.

ఏడాది ఆగకుండా ఎగిరేలా చేసే పద్ధతి ఒకటుంది: ఈక అతుకు. అదే జాతి పక్షి సహజంగా రాల్చిన ఈకను, అదే రెక్కకు అదే వరుసలో సరిపోయేదాన్ని, తీసుకుంటారు. మొద్దు లోపలి బోలులో సన్నగా చెక్కిన వెదురు పుల్లను సగం దూర్చి, మిగతా సగం మీద దాత ఈకను ఎక్కించి, ఒక్క చుక్క ఎపాక్సీతో అతికిస్తారు. జిగురు పక్క ఈకలకు అంటకుండా కింద కాగితం ముక్క పెడతారు. పక్షికి మత్తిచ్చి, చెయ్యి తిరిగినవాళ్ళు చేయాల్సిన పని ఇది. ఎడమ ఈకను కుడికి పెట్టినా, కోణం కాస్త తిరిగినా పక్షి ఎగిరినప్పుడు ఒక పక్కకు లాగుతుంది. అందుకే పునరావాస కేంద్రాల్లో రాలిన ప్రతి మంచి ఈకనూ, చనిపోయిన పక్షుల రెక్కలనూ కొలతల వారీగా దాచుకుంటారు.

"అడవిలో పుట్టింది, తిండి అదే వెతుక్కుంటుంది"

వ్యాపారంలోకి వచ్చే చిలుకల్లో ఎక్కువ భాగం చెట్టు తొర్రలో నుంచి తీసిన పిల్లలు. అంటే అడవిలో పుట్టాయే గానీ అడవిని చూడలేదు. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుంది, డేగ నీడ పడితే ఏ కొమ్మల్లోకి దూరాలి, పొద్దుగూకే వేళ గుంపు ఎక్కడ చేరుతుంది అన్నవి తల్లిదండ్రుల వెంటా గుంపు వెంటా తిరిగితేనే పిల్లకు తెలుస్తాయి. ఏళ్ళ తరబడి రెండడుగుల పంజరంలో ఉన్న పక్షికి రొమ్ము కండ కరిగిపోయి ఉంటుంది. వేలితో తడిమితే రొమ్ము ఎముక కత్తి అంచులా తగులుతుంది. చిలక జోస్యం చెప్పేవాళ్ళ నుంచి పట్టుకొచ్చిన చాలా పక్షుల పరిస్థితి ఇదే.

అలాంటిదాన్ని మేడ మీద వదిలితే జరిగేవి మూడు. మొదటి ఐదు నిమిషాల్లోనే కాకులు చుట్టుముట్టి పొడుస్తాయి. లేదా వందగజాలు ఎగిరి అలసిపోయి గోడ మీద కూర్చుంటుంది, అక్కడ పిల్లి చూసుకుంటుంది. మనిషికి బాగా అలవాటుపడినదైతే ఎవరి భుజం మీదో వాలి నేర్చుకున్న మాట పలుకుతుంది, మళ్ళీ పంజరంలోకే పోతుంది.

నిజమైన తయారీకి మూడు నుంచి ఆరు నెలలు, రెక్కల సమస్య ఉంటే అంతకన్నా ఎక్కువ పడుతుంది. మొదటి పని తిండి మార్చడం. పచ్చిమిరపకాయ చిలుకకు హాని చేయదు. ఆ మంట పక్షులకు తెలియదు, పైగా అందులో విటమిన్ ఎ ఉంది. కానీ మిరపకాయ, అన్నం, నానబెట్టిన శనగలతో కాల్షియం అందదు. పొద్దుతిరుగుడు గింజలు, పల్లీలు మాత్రమే తిన్నవాటికి కాలేయానికి కొవ్వు పడుతుంది. పల్లీలకు బూజు పడితే ఆ విషం కాలేయాన్నే కొడుతుంది. ఒక్కసారిగా తిండి మారిస్తే పక్షి పస్తుంటుంది. కాబట్టి రోజూ ఉదయం బరువు తూస్తూ, రెండు మూడు వారాల్లో మెల్లగా మార్చాలి. ఆ తర్వాత గిన్నెలో పెట్టడం మానేసి, కొమ్మతో సహా జామకాయలు, రేగుపళ్ళు, సీమచింత కాయలు, వేపపళ్ళు, మర్రి, రావి పళ్ళు, కొర్ర, జొన్న కంకులు పైనుంచి వేలాడదీయాలి. తలకిందులుగా వేలాడి కాయను ఒలుచుకు తినడం వచ్చేదాకా అది అడవికి సిద్ధంగా లేనట్టే.

రెండోది ఎగిరే గది. పొడవు కనీసం 20 అడుగులు, ఎత్తు 8 అడుగులు, పాము, ఎలుక దూరకుండా అరంగుళం జాలీ, ఒకటి మూశాకే ఇంకొకటి తెరుచుకునేలా రెండు తలుపులు. కొమ్మలు రెండు చివరలే కట్టాలి, మధ్య ఖాళీగా ఉండాలి. నడుమ కొమ్మ పెడితే గెంతుతాయి తప్ప ఎగరవు. నేల మీది నుంచి పైకి నిటారుగా లేవడం, గాల్లో మలుపు తిరగడం, పదిసార్లు అటూ ఇటూ ఎగిరినా నోరు తెరిచి రొప్పకపోవడం, మనిషి కనబడగానే దూరం జరిగి అరవడం: ఈ నాలుగూ వచ్చాకే వదిలే మాట. ఒంటరిగా కాదు, ఐదారు పక్షుల గుంపుగా. ఆ జాతి గుంపులు ఇప్పటికే తిరుగుతున్న చోట ఆ గదిలోనే రెండు వారాలుంచి, తెల్లవారుజామున పైకిటికీ తెరిచి, బయట ఎత్తైన పళ్ళెంలో మూడు నాలుగు వారాలు తిండి పెడుతూ తగ్గించుకుంటూ పోవాలి. ఎండలు ముదిరిన మే నెల, ముసురు పట్టిన రోజులు పనికిరావు.

ఒక మినహాయింపు చెప్పాలి. వలకో బంకకో చిక్కి రెండు మూడు రోజులే అయిన, పూర్తిగా ఎదిగిన చిలుక, ఈకలన్నీ సరిగ్గా ఉండి, బరువు తగ్గకుండా ఉంటే, డాక్టర్ చూశాక పట్టిన చోటికి దగ్గర్లోనే వెంటనే వదలడం మంచిది. దాన్ని నెలల తరబడి గదిలో ఉంచితే దిగులుతోనే పాడవుతుంది. బంక అంటిన ఈకలకు కిరోసిన్, పెట్రోలు తగలనివ్వకూడదు. కొద్దిగా వంటనూనెతో బంకను కరిగించి, పలచటి గిన్నెల సబ్బు నీళ్ళతో గోరువెచ్చగా కడిగి, సబ్బు పూర్తిగా పోయేలా మళ్ళీ కడిగి ఆరబెట్టాలి. నూనె మిగిలితే ఈక తడిని ఆపలేదు.

"పిల్లకు పాలన్నం పెట్టండి"

ఈ ఒక్క సలహాతో చనిపోయే పిల్లలే ఎక్కువ. పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి పక్షికి లేదు. అది పేగుల్లో పులిసి విరేచనాలవుతాయి. అన్నంలో ఎముకలకు కావాల్సిన కాల్షియం లేదు. వారాల్లోనే కాళ్ళు వంకరపోతాయి.

వ్యాపారుల దగ్గర నుంచి పట్టుకున్న పిల్లలు చల్లబడి, ఒంట్లో నీరు తగ్గిపోయి వస్తాయి. వాటికి వెంటనే తిండి పెట్టడమే మొదటి తప్పు. చల్లటి ఒంట్లో అరుగుదల ఆగిపోతుంది, మేతసంచిలో తిండి పులుస్తుంది. ముందు వెచ్చదనం, తర్వాత గోరువెచ్చటి ఓఆర్ఎస్, ఆ తర్వాతే తిండి. కళ్ళు తెరవని పిల్లకు 35 డిగ్రీలు, కళ్ళు తెరిచాక 32, ఈక ముళ్ళు పొడుస్తున్నప్పుడు 29–30, ఒళ్ళంతా ఈకలొచ్చాక 26 డిగ్రీల వెచ్చదనం చాలు. రెక్కలు చాచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు.

చేతితో పెట్టే మేత చిలుక పిల్లల కోసం తయారయ్యే పొడితోనే కలపాలి. అది 39–41 డిగ్రీలుండాలి. 43 దాటితే మేతసంచి కాలి చిల్లు పడుతుంది, రోజుల తర్వాత గొంతు కింద పుండుగా బయటపడుతుంది. 39 కన్నా చల్లబడితే పిల్ల తీసుకోదు. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే లోపల కాలే గడ్డలుంటాయి కాబట్టి వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కలిపి థర్మామీటర్‌తో చూడాలి. ప్రతిసారీ పెట్టాల్సింది పిల్ల బరువులో పదో వంతు: 60 గ్రాముల పిల్లకు 6 మిల్లీలీటర్లు. సిరంజి ముక్కుకు దాని ఎడమ పక్క నుంచి కుడివైపుకు వంచి పెట్టాలి, పిల్ల తల ఊపుతూ మింగుతున్నప్పుడే తొయ్యాలి. లేకపోతే గాలిగొట్టంలోకి పోయి న్యుమోనియా వస్తుంది. రాత్రి పొడుగునా మేతసంచి ఒక్కసారైనా పూర్తిగా ఖాళీ అవ్వాలి. తెల్లవారినా నిండుగా ఉంటే మళ్ళీ మేత పెట్టకుండా డాక్టర్‌కు చూపించాలి. చదునైన న్యూస్‌పేపర్ మీద పెడితే కాళ్ళు రెండు పక్కలకూ జారిపోయి అలాగే గట్టిపడతాయి. టిష్యూ కాగితం పరిచిన గుంట గిన్నె కావాలి. ఎప్పుడూ సాటి పిల్లలతోనే ఉంచాలి, ముద్దు మాటలు నేర్పకూడదు. మనిషిని తల్లి అనుకున్న పిల్ల అడవికి పనికిరాదు.

సందేశంలో అసలు లేని సంగతి: జబ్బులు

సంతలో చిలుకల పంజరాల పక్కనే కోళ్ళు, పావురాలు, విదేశీ పక్షులు ఉంటాయి. అక్కడి నుంచి రాణిఖేత్, పేగు పురుగులు, చిలుక జ్వరం వస్తాయి. చిలుక జ్వరం మనుషులకూ సోకుతుంది. అది తేలితే 45 రోజులు డాక్సీసైక్లిన్ వాడాలి. ఇంకా భయపడాల్సింది ముక్కు–ఈకల వైరస్. దానికి మందు లేదు. అంతరించిపోయే దశ నుంచి బయటపడుతున్న మారిషస్ ఎకో చిలుకల్లోకి అది వ్యాపించి, వాటిని కాపాడే పనినే కష్టం చేసింది. జబ్బుతో ఉన్న ఒక్క పక్షిని వదిలితే అది రాత్రికి వందల చిలుకలు చేరే చెట్టుమీదికే పోతుంది. అందుకే కనీసం 30 రోజులు విడిగా ఉంచి, రెట్ట పరీక్ష, పీసీఆర్ పరీక్ష చేశాకే మిగతావాటితో కలపాలి.

"సంతలో కొని వదిలితే పుణ్యం"

కొన్న డబ్బు అమ్మినవాడికి ఇంకో నాలుగు పిల్లలను తెప్పించే పెట్టుబడి. పిల్లలను తీయడానికి తొర్రను గొడ్డలితో నరికి పెద్దది చేస్తారు. అలాంటి తొర్రలోకి మరుసటి ఏడు జంట రాదు. చిలుకలు ఎక్కువగా వడ్రంగిపిట్ట, కంసాలిపిట్ట చేసిన తొర్రల్లోనే గూడు పెడతాయి కాబట్టి ఒక తొర్ర పోతే ఏళ్ళ తరబడి ఎన్నో గూళ్ళు పోయినట్టు. భుజం మీద ఎర్రమచ్చ ఉండే పెద్ద చిలుకకు గిరాకీ మరీ ఎక్కువ, దాని సంఖ్య తగ్గడానికి ఇదొక ముఖ్య కారణం. దసరాకు పాలపిట్టను చూపించి డబ్బులు అడిగేవాళ్ళది కూడా ఇదే దారి. తెలంగాణ రాష్ట్ర పక్షిని రెక్కలు, కాళ్ళు కట్టి తిప్పుతారు. జాలిపడి డబ్బిస్తే వచ్చే దసరాకు ఇంకో పాలపిట్ట వలలో పడుతుంది.

కొందరు లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే బడ్జరిగార్‌లను కూడా పుణ్యమని వదులుతున్నారు. అవి ఆస్ట్రేలియా జాతి, తరాలుగా పంజరాల్లోనే పుట్టినవి. మన వీధిలో రెండు రోజులు బతకడం కష్టం.

"ఫారెస్టు వాళ్ళ దగ్గరికి వెళ్తే కేసే"

చట్టం ఏముందో చూద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం అన్నీ నేరాలే. 2022 సవరణ తర్వాత రామచిలుక రెండో షెడ్యూల్‌లో ఉంది. శిక్ష మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అంతర్జాతీయ సైటీస్ రెండో జాబితాలో రామచిలుక లేదు కాబట్టి పర్లేదని వ్యాపారులు చెబుతారు. సైటీస్ దేశాల మధ్య వ్యాపారానికి సంబంధించింది, మన దేశంలో చిలుకను పట్టడం, పెంచడం నేరం కావడానికి ఆ జాబితాతో పని లేదు.

గాయపడిన లేదా దారితప్పిన పక్షి మీ చేతికొస్తే, 48 గంటల్లో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో అటవీ అధికారికో తెలపాలని అదే చట్టంలోని 39వ సెక్షన్ చెబుతుంది. తెలియక ఏళ్ళుగా పెంచుతున్నవాళ్ళు కూడా తమంతట తామే తీసుకెళ్ళి అప్పగించడానికీ, ఎవరో ఫిర్యాదు చేసి దొరికిపోవడానికీ చాలా తేడా ఉంది. వెళ్ళేముందు రేంజ్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి జాతి, వయసు అంచనా, ఎన్నాళ్ళుగా ఉంది, ఏం తింటోంది, రెక్కలు కత్తిరించారా లేదా అన్నది చెప్పండి. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో, అడుగున గుడ్డ పరిచి, చీకటిగా, ఒక్కో పక్షిని విడిగా తీసుకెళ్ళండి. నీళ్ళ గిన్నె పెట్టకండి, ఒలికి పక్షి తడిసిపోతుంది. దారిలో తినడానికి ఒక జామ ముక్క చాలు. అప్పగించాక తేదీ, పక్షి వివరాలతో రసీదు రాయించుకోండి.