నోరు వేరు, ఒళ్లు వేరా?

షుగర్ ఉన్న మనిషి చిగుళ్లకు సరైన వైద్యం చేయించుకుంటే రక్తంలో షుగర్ కూడా తగ్గుతుందని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. ఈ అంశంపై జరిగిన 35 అధ్యయనాలను, వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్ 2022లో ఒకచోట చేర్చి సమీక్షించింది. పళ్ల చుట్టూ, చిగుళ్ల లోపల పేరుకున్న గారను తీయించుకున్న వారిలో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు, మూడు నాలుగు నెలల్లో 0.43 పాయింట్లు తగ్గింది. ఆరు నెలలకు చూసినా 0.30 తేడా కనిపించింది. అంతకుముందు 2018లో లండన్‌లో 264 మందిపై జరిగిన పరిశోధనలో, చిగుళ్లకు గట్టి వైద్యం అందిన వారికీ పైపైన శుభ్రం చేసి పంపిన వారికీ ఏడాది తర్వాత 0.6 తేడా వచ్చింది. అంకెలు చిన్నవిగానే కనిపిస్తాయి. షుగర్ మాత్ర డోసు పెంచబోయే డాక్టర్‌ను అడగండి, చిన్నవో పెద్దవో చెబుతారు.

ఇప్పుడు మన బెజవాడలోనో గుంటూరులోనో ఏదైనా షుగర్ ఓపీకి వెళ్లి చూడండి. బరువు చూస్తారు, బీపీ చూస్తారు. కాళ్లకు తిమ్మిర్లు ఉన్నాయా అని అడుగుతారు. కంటి పరీక్షకు రాస్తారు, మూత్రపిండాల పరీక్షకు రాస్తారు. ‘ఓసారి నోరు తెరవండి’ అనే మాట వినిపించడం అరుదు. పళ్ల ఆస్పత్రిలో సంగతి దీనికి తిరగేసి. పన్ను పీకే ముందు ‘షుగరుందా?’ అని తప్పకుండా అడుగుతారు, పుండు మానదేమోనన్న టెన్షన్‌తో. ‘తెలీదండీ’ అంటే, చిగుళ్లు ఇంతగా పాడయ్యాయి కాబట్టి రక్త పరీక్ష చేయించుకోమని చీటీ రాసి పక్క విభాగానికి పంపడం మాత్రం ఎప్పుడో గానీ జరగదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా జనానికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. తమకు షుగర్ ఉందని తెలియనివారు అందులో కొల్లలు. అలాంటివారిలో కొందరైనా ముందుగా వెళ్లేది పళ్ల డాక్టర్ దగ్గరికే.

చిగుళ్ల జబ్బుతో వచ్చిన చిక్కేమిటంటే అది నొప్పి పెట్టదు. పుచ్చుపన్ను రాత్రికి రాత్రి మనిషిని లేపి కూర్చోబెడుతుంది. చిగురు అలా కాదు. బ్రష్ చేసినప్పుడు కాస్త రక్తం, పొద్దున్నే నోటి వాసన, అంతే. డాక్టర్ చేతిలో గీతలు గీసిన సన్నటి పుల్లలాంటి పరికరం ఒకటి ఉంటుంది. దాన్ని పంటికీ చిగురుకూ మధ్య దించి ఎన్ని గీతలు లోపలికి పోయాయో చూస్తారు. మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే ఫరవాలేదు. నాలుగు, అయిదు, ఆరు అంటే లోపల సంచిలాగా ఏర్పడి బ్యాక్టీరియా కాపురం పెట్టిందన్నమాట. ఆ వాపు నుంచి పుట్టే రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. షుగర్ పెరిగితే చిగురు మానే శక్తి ఇంకా తగ్గుతుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోతాయి. ఈ పరీక్షకు పట్టేది నిమిషాలు. కావలసింది ఆ పుల్ల, ఒక అద్దం, లైటు.

‘క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి’ అన్న మాట మన వైపు చదువుకున్న ఇళ్లలోనూ వినిపిస్తుంది. నిజానికి అప్పటికే ఎముక కరిగి వదులైన పళ్లను పట్టి ఉంచింది ఆ గారే. అది పోగానే సందులు బయటపడతాయి, నాలుకకు కొత్తగా తగులుతాయి. దాంతో నింద క్లీనింగ్ మీద పడుతుంది. పై పన్ను పీకితే చూపు మందగిస్తుందన్న భయం మరొకటి. వీటిని మూఢనమ్మకాలని కొట్టిపారేయడం తేలికే. కానీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పనప్పుడు జనం తమకు కనిపించిన దాన్నిబట్టే లెక్క వేసుకుంటారు.

డబ్బు సంగతి మరీ కఠినం. రూట్ కెనాల్, పైన క్యాప్ కలిపితే బిల్లు వేలల్లో తేలుతుంది. ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప చాలా ఆరోగ్య బీమా పాలసీలు పళ్ల వైద్యానికి పైసా ఇవ్వవు. అందుకే రోజుకూలీకి మిగిలిన దారి పీకించుకోవడం. ముందు లవంగం నూనె, తర్వాత మందుల షాపులో నొప్పి బిళ్ల, దవడ వాచాక ఆస్పత్రి. నిలిచే పన్ను కూడా ఇలాగే పోతోంది. ప్రపంచంలో 350 కోట్ల మంది నోటి జబ్బులతో బాధపడుతున్నారని, వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు మధ్యాదాయ దేశాలవారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నవంబరులో ప్రకటించింది. మన దేశం ఆ జాబితాలోదే.

జపాన్‌లో కొత్త పన్ను మొలిపించే మందును మనుషులపై పరీక్షించడం 2024లో క్యోటో యూనివర్సిటీ ఆస్పత్రిలో మొదలైంది. ఈ వార్త మన ఫోన్లలో తెగ తిరిగింది. సంతోషమే. అది ముందుగా పుట్టుకతోనే పళ్లు రానివారి కోసం ఉద్దేశించినదన్న సంగతి మాత్రం వార్తతో పాటు తిరగలేదు. అదే ఏడాది న్యూయార్క్ బడిపిల్లలపై వచ్చిన ఫలితాలను ఇక్కడ పట్టించుకున్నవారు తక్కువ. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని పుచ్చుపళ్లపై బడిలోనే పూశారు. డ్రిల్లింగ్ లేదు, సూది లేదు. నాలుగేళ్లపాటు నాలుగు వేల మందికి పైగా పిల్లల్ని గమనిస్తే పుచ్చులను అడ్డుకోవడంలో పళ్ల గాళ్లను మూసేసే ఖరీదైన సీలెంట్ పూతకు ఇది తీసిపోలేదు. పూసింది నర్సులైనా ఫలితం తగ్గలేదు. దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఒక ఇబ్బంది ఉంది. పూసినచోట పుచ్చు నల్లబడి అలాగే ఉండిపోతుంది. ముందు పళ్ల మీద మచ్చంటే ఏ తల్లీ ఒప్పుకోదు, దవడ పళ్లకైతే ఆలోచించవచ్చు. ‘పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవే’ అని వదిలేసిన పిల్లలు అన్నం నమలలేక, రాత్రి నిద్రలేక బడికి వస్తున్నారు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. బడిపిల్లల్లో గుర్తించాల్సిన సమస్యల జాబితాలో పుచ్చుపళ్లూ ఉన్నాయి. గుర్తించి, రాసుకుని, పెద్దాస్పత్రికి వెళ్లమంటారు. కూలి మానుకుని పిల్లాణ్ని తీసుకెళ్లే తల్లిదండ్రులు ఎందరు? గుర్తించిన రోజే బడిలోనే ఆ ఫ్లోరైడ్ ద్రవం పూసే ఏర్పాటు ఉండాలి. ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల్లో కొన్ని మున్సిపల్ బడుల్లో ప్రయోగంగా మొదలుపెట్టమని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.

నోటి క్యాన్సర్ దగ్గరికొస్తే మాట మరింత సూటిగా చెప్పాలి. గుట్కాను రాష్ట్రం 2013లోనే నిషేధించింది. వక్కపొడి మసాలా ఒక ప్యాకెట్‌లో, పొగాకు మరో ప్యాకెట్‌లో కొని అరచేతిలో కలుపుకుంటే అయ్యేది గుట్కాయే. ఆటోనగర్ షెడ్లలో, గుంటూరు మిర్చియార్డు గేటు దగ్గర బడ్డీకొట్లలో ఇదేమంత రహస్యం కాదు. మిర్చి టిక్కీలు మోసే హమాలీకి అది ఆకలినీ అలసటనూ మరిపించే వస్తువు. పొగాకు బోర్డు కొలువైన నగరానికి పొగాకు గురించి చెప్పాలా అనుకోవచ్చు గానీ, వక్క కూడా క్యాన్సర్ కారకమేనని చాలామందికి తెలియదు. పొగాకు లేని వక్కైనా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2024లో ఒక లెక్క తేల్చింది. 2022లో ప్రపంచమంతటా వచ్చిన నోటి క్యాన్సర్లలో దాదాపు మూడో వంతుకు నమిలే పొగాకు, వక్కే కారణం. ఆ 1,20,200 కేసుల్లో 83,400 మన దేశంలోవే.

క్యాన్సర్‌కు ముందే నోరు హెచ్చరిస్తుంది. కారం తగిలితే భగ్గున మండుతుంది. బుగ్గ లోపల తెల్లగా, తోలులా బిగుసుకుంటుంది. క్రమంగా నోరు తెరుచుకోదు. చూపుడు, నడిమి, ఉంగరం వేళ్లు మూడూ నిలువుగా కలిపి పళ్ల మధ్య పెట్టుకోండి. మూడూ పడితే సరే. రెండే పడుతుంటే, అలవాటు ఉన్నా లేకపోయినా డాక్టర్‌కు చూపించుకోండి. ఇలా కంటితో చూసి పట్టుకోవడం ప్రాణాలు కాపాడుతుందా అన్న ప్రశ్నకు జవాబు మన దక్షిణాదిలోనే దొరికింది. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన పరిశోధనలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి టార్చిలైటుతో నోళ్లు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్న వారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో ఫలితాలు వచ్చాయి. వాళ్లెవరూ డాక్టర్లు కారు.

30 ఏళ్లు దాటిన వారందరికీ బీపీ, షుగర్‌తో పాటు నోటి క్యాన్సర్ పరీక్ష చేయాలని కేంద్రం మార్గదర్శకాలు కూడా ఉన్నాయి. మన సిబ్బంది ఇళ్లకు వెళుతూనే ఉన్నారు. అయితే గుమ్మం దగ్గర నిలబడి ‘నోట్లో పుండ్లేమైనా ఉన్నాయా?’ అని అడిగి, ‘లేవమ్మా’ అనగానే ట్యాబ్‌లో టిక్కు పెట్టడం వేరు, నోరు తెరిపించి చూడటం వేరు. ఆశా కార్యకర్తకు ఒక టార్చి, చెంప పక్కకు లాగే చెక్కపుల్లలు ఇచ్చారా లేదా అన్నది ఉన్నతాధికారులు సమీక్షల్లో అడగాల్సిన మొదటి ప్రశ్న. అనుమానం ఉన్నవారిని ఎక్కడికి పంపాలో, వాళ్లు వెళ్లారో లేదో ఎవరు కనుక్కోవాలో రెండో ప్రశ్న.

ఇక పెద్దవాళ్ల సంగతి. కృష్ణా, గుంటూరు ప్రాంతంలో పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో ఉండటం మామూలైపోయింది. డబ్బుకు లోటుండదు. ‘పళ్లున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్లు లేవు’ అని మనవాళ్లు ఊరికే అనలేదు. చైనాలో 65 ఏళ్లు దాటిన 4,268 మందిని కొన్నేళ్లపాటు గమనించిన పరిశోధన ఫలితాలు 2022 ప్రాంతంలో వెలువడ్డాయి. మనుషులతో రాకపోకలు తగ్గిన వృద్ధులకు మిగతావారి కన్నా సగటున రెండు పళ్లు తక్కువ ఉన్నాయి. ఊడిపోయే వేగం 1.4 రెట్లు ఎక్కువ. ఒంటరితనం అనిపిస్తోందా అని అడిగి చూస్తే మాత్రం ఈ సంబంధం కనిపించలేదు. అంటే మనసులో బాధ కన్నా, పలకరించే మనిషి, కలిసి తినే మనిషి లేకపోవడమే పళ్లకు చేటు చేసి ఉండొచ్చన్నమాట. అయితే ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఇలాంటి అధ్యయనాలతో తేలదు. పళ్లు లేక పెళ్లి విందులకు వెళ్లడం మానేసిన పెద్దాయన్ను, నవ్వితే నోటికి చెంగు అడ్డం పెట్టుకునే మామ్మను చూసినవారికి దారి రెండు వైపులా ఉంటుందనే అనిపిస్తుంది.

జపాన్ 1989లో ‘80 ఏళ్లకు 20 పళ్లు’ అని ఒక లక్ష్యం పెట్టుకుంది. అప్పట్లో అలాంటివారు పదిమందిలో ఒకరు కూడా లేరు. 2016 సర్వేనాటికి సగం మందికి పైగా అయ్యారు. మనం అంత దూరం ఆలోచించకపోయినా, ఉన్న ఏర్పాట్లనే కలుపుకోవచ్చు. ఒకటో తారీఖున సచివాలయ సిబ్బంది పింఛను పట్టుకుని, అది అందుకునే ప్రతి వృద్ధుడి ఇంటికీ వెళ్తున్నారు. డబ్బు చేతిలో పెట్టేటప్పుడు ‘గట్టి పదార్థం నమలగలుగుతున్నారా?’ అని ఒక్క మాట అడిగి రాసుకుంటే చాలు, కట్టుడు పళ్లు కావలసిన వారి జాబితా ఒక నెలలో తయారవుతుంది. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. గుంటూరు పక్కన తక్కెళ్లపాడులో, గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలో ప్రైవేటు కళాశాలలున్నాయి. కట్టుడు పళ్లు చేయడం దంత వైద్య (బీడీఎస్) విద్యార్థులు చదువులో భాగంగా నేర్చుకోవాల్సిందే. వారి సాధన కోసం ఊళ్లలో క్యాంపులు పెట్టి, బస్సులు పంపి పేషెంట్లను తెచ్చుకునే కాలేజీలు దేశమంతటా ఉన్నాయి. ఆ జాబితాను ఈ కాలేజీలకు చేర్చి, సామగ్రి ఖర్చు ఎవరు భరించాలో తేల్చాల్సింది ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల కలెక్టర్లు, వైద్యారోగ్య శాఖ. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచే మొదలుపెట్టవచ్చు.