దగ్గు తగ్గకపోతే ఎన్నాళ్లు ఆగొచ్చు?

(జలుబు పోయినా దగ్గు పోవడం లేదు. డాక్టరుకు ఎప్పుడు చూపించుకోవాలి? ఇద్దరు వైద్యుల వాదన ఇది.)

ఫ్యామిలీ డాక్టర్: నాలుగు రోజులు దగ్గితే చాలు, ఎక్స్‌రే తీయండి, యాంటీబయాటిక్ రాయండి అంటున్నారండీ రోగులు. వైరస్ జలుబు తర్వాత దగ్గు రెండు, రెండున్నర వారాలు ఉండటం మామూలే. శ్వాసనాళాల లోపలి పొర దెబ్బతిని ఉంటుంది. అది మానేదాకా చల్లగాలి తగిలినా, గట్టిగా నవ్వినా దగ్గు తన్నుకొస్తుంది. అందులో యాంటీబయాటిక్ చేసేదేమీ లేదు.

ఊపిరితిత్తుల డాక్టర్: నిజమే. కానీ ఆ ‘మామూలే’ అన్న మాట పట్టుకునే నెలలు గడిపేసి, మనిషి సగమయ్యాక నా దగ్గరికి వస్తారు.

ఫ్యామిలీ డాక్టర్: అంతకంటే ఎక్కువమంది కళ్లె పచ్చగా పడిందని హడలిపోయి వస్తారు. ఆ పచ్చదనం తెల్ల రక్తకణాల వల్ల వచ్చేది. అంతమాత్రాన బ్యాక్టీరియా ఉందని కాదు.

ఊపిరితిత్తుల డాక్టర్: పచ్చదనం సంగతి వదిలేయండి, నేను చూసేది ఎరుపు. కళ్లెలో రక్తం చార ఒక్కసారి కనిపించినా ఇక రోజులు లెక్కపెట్టకూడదు. ఆయాసం, ఛాతీ నొప్పి, తగ్గని జ్వరం, రాత్రిళ్లు బట్టలు తడిసేలా చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇవి ఉన్నా అంతే. వాక్యం పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా, రక్తం ఎక్కువగా పడినా నేరుగా ఎమర్జెన్సీకే. టీబీ ఎక్కువగా ఉన్నచోట దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించాలి. అక్కడా చాలామంది ఉమ్మి పట్టి ఇస్తారు, ఫలితం తప్పిపోతుంది. పొద్దున లేవగానే నోరు నీళ్లతో పుక్కిలించి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీ లోతుల్లోంచి దగ్గి తీసిన కళ్లె కావాలి.

ఫ్యామిలీ డాక్టర్: ఇవేవీ లేనివాళ్ల సంగతి చెప్పండి. రోజురోజుకీ తగ్గుముఖం పడుతుంటే మూడు వారాలు ఆగనివ్వండి.

ఊపిరితిత్తుల డాక్టర్: తగ్గుముఖం పడుతుంటే సరే. తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరంతో తిరగబెడితే న్యుమోనియా కావచ్చు, ఆ రోజే చూపించాలి. మూడు వారాలు దాటితే ఎక్స్‌రే తీయాలన్నదే నా మాట.

ఫ్యామిలీ డాక్టర్: ముందు మాత్రల అట్ట చూడాలి! బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడేవాళ్లలో కొందరికి గొంతులో గిలిపెట్టినట్టు పొడిదగ్గు వస్తుంది. మొదలుపెట్టిన వారానికే రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు. సొంతంగా ఆపేస్తే బీపీ పెరుగుతుంది, డాక్టరే మందు మార్చాలి. మార్చాక దగ్గు పోవడానికి సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి మూడు నెలలు కూడా పడుతుంది. దీనికి ఎక్స్‌రేలో ఏం కనిపిస్తుంది?

ఊపిరితిత్తుల డాక్టర్: ఏమీ కనిపించదు. ఉబ్బసమూ కనిపించదు. పిల్లికూతలు లేకుండా, అర్ధరాత్రి దగ్గు ఒక్కటే లక్షణంగా ఉండే ఉబ్బసం ఉంది. ఛాతీలో మంట లేకుండానే కడుపులోని ఆమ్లం పైకొచ్చి దగ్గు తెప్పిస్తుంది. అందుకే ఎక్స్‌రే బాగుందని వదిలేయకుండా ఊపిరి ఊది చేసే స్పైరోమెట్రీ దాకా వెళ్లాలంటాను.

ఫ్యామిలీ డాక్టర్: పసిపిల్లల విషయంలో మాత్రం నేనూ ఆగమనను. మూడు వారాలు దాటిన దగ్గును చూపించాల్సిందే. అంతకంటే ముఖ్యం ఊపిరి వేగం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, లెక్క ఇంతకు చేరినా, దాటినా ప్రమాదం. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంజుకుపోతున్నా అంతే, వెంటనే తీసుకెళ్లాలి. ఏడాది లోపు బిడ్డకు దగ్గుకని తేనె నాకించకూడదు, బొటులిజం అనే, కండరాలను చచ్చుబరిచే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

ఊపిరితిత్తుల డాక్టర్: తింటూ ఉండగా హఠాత్తుగా పొలమారి మొదలైన దగ్గు ఆగిపోయినా చూపించాలి. గింజ శ్వాసనాళంలో ఇరుక్కుని ఉండొచ్చు. పెద్దవాళ్ల విషయంలో నా పట్టు విడవను. పొగతాగేవాళ్లు ‘ఇది నాకెప్పుడూ ఉండే దగ్గే’ అంటారు. దాని తీరు మారిందంటే మూడు వారాలు కూడా ఎక్కువే.

ఫ్యామిలీ డాక్టర్: పొగతాగేవాళ్లకు ఒప్పుకుంటాను. మిగతావాళ్లు మూడు వారాలకు వస్తే ఛాతీ విని, మందులు చూసి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి పంపుతాను. ఎనిమిది వారాలు దాటితే ఎక్స్‌రే తీయకుండా ఎవరినీ పంపను.

ఊపిరితిత్తుల డాక్టర్: చెప్పిన రోజుకు రాకపోతే ఫోన్ చేసి పిలిపించండి. అప్పుడు మీ లెక్కకు నాకూ అభ్యంతరం లేదు.