మాట్లాడే ఇంగ్లీష్‌కి పెన్నుతో పరీక్ష

ఇంటర్ ఇంగ్లీష్ పేపర్లో ఒక ప్రశ్న ఉంటుంది. కొన్ని మాటలిచ్చి, వాటిలో పలకని అక్షరం ఏదో రాయమంటారు. సైలెంట్ లెటర్. మా క్లాసులో ఒకబ్బాయికి అందులో ఎప్పుడూ ఫుల్ మార్కులే. 'నైఫ్'లో కే అని రాస్తాడు, 'డెట్'లో బీ అని రాస్తాడు. మొన్న ఆ మాట పాఠంలో వస్తే లేచి చదవమన్నాను. "డెబ్ట్" అని బీని ఒత్తి మరీ చదివాడు. వాడిని ఏమనగలను? ఆ అక్షరం పలకదని వాడి చేతికి తెలుసు, నోటికి తెలియదు. పరీక్ష అడిగింది చేతినే.

పదకొండేళ్లుగా ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీష్ చెప్తున్నా. ఆ పేపర్లో సైలెంట్ లెటర్ ఒక్కటే కాదు, ఏ మాటలో ఎన్ని సిలబుల్స్ ఉన్నాయో రాయాలి, అచ్చు శబ్దం వేరుగా ఉన్న మాట ఏదో పట్టుకోవాలి, ఇద్దరి మధ్య సంభాషణ రాయాలి. బ్యాంకు క్లర్కుతో కస్టమర్ మాట్లాడినట్టు, డాక్టరుతో పేషెంట్ మాట్లాడినట్టు. మా పిల్లలు ఇవన్నీ గైడులోంచి బట్టీ పట్టి చక్కగా రాస్తారు. అదే పిల్లాడిని నిజం బ్యాంకుకు పంపించి ఇంగ్లీష్‌లో ఒక ముక్క అడిగిరమ్మంటే గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. ఉచ్చారణకు రాతపరీక్ష పెట్టడమంటే ఈతకు రాతపరీక్ష పెట్టడమే, అయినా ఇన్నేళ్లుగా ఎవరికీ వింతగా అనిపించట్లేదు.

ఇంతకీ మా కాలేజీల్లో ఇంగ్లీష్ స్థానం ఏంటో బయటివాళ్లకు తెలియదు. ఎంపీసీ పిల్లాడికి ఎంసెట్‌లో, అదే ఇప్పటి ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలుంటాయి. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఇంగ్లీష్ సున్నా. జేఈఈ మెయిన్‌లోనూ అంతే, నీట్‌లోనూ అంతే. మరి ర్యాంకుల ఫ్లెక్సీలతో బతికే కాలేజీ ఇంగ్లీష్‌ను ఎలా చూస్తుంది? డిసెంబర్ దాటితే నా పీరియడ్ మ్యాథ్స్ సార్ తీసుకుంటారు, అడగరు కూడా, నేను స్టాఫ్ రూంలో పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంటా. పరీక్షకు వారం ముందు మాత్రం "సార్, ఇంపార్టెంట్ క్వశ్చన్లు ఇవ్వండి" అని అందరికీ నేను గుర్తొస్తాను.

సరే, పీరియడ్ నా చేతిలోనే ఉందనుకుందాం. సెక్షన్‌లో 76 మంది. తలా రెండు నిమిషాలు మాట్లాడిస్తే 152 నిమిషాలు, అంటే నా 50 నిమిషాల పీరియడ్లు మూడు పోయినా ఇంకా ఒకడు మిగులుతాడు. అది కూడా ఎవరూ నవ్వకుండా, ఎవరూ నసగకుండా ఉంటే. కానీ నవ్వుతారు. ఒకమ్మాయి "హీ డోంట్" అనగానే వెనక బెంచీ కిసుక్కుమంటుంది, ఆ అమ్మాయి ఇక ఆ ఏడాదంతా నోరు తెరవదు. నవ్వినవాళ్లకైనా వచ్చా అంటే అదీ లేదు. చిన్నప్పుడు బడిలో తెలుగు మాట్లాడితే ఫైన్ కడుతూ పెరిగిన పిల్లలు వీళ్లలో సగం మంది. తెలుగు మాట్లాడితే శిక్ష, ఇంగ్లీష్ తప్పుగా మాట్లాడితే ఎగతాళి. మిగిలింది మౌనమే కదా, అదైతే బ్రహ్మాండంగా నేర్చుకున్నారు.

నన్ను నేను వదిలేయట్లేదు. నేనూ ఇలాగే తయారయ్యా. ఇంగ్లీష్ పాఠాన్ని తెలుగులో విని, ఎంఏ ఇంగ్లీష్ దాకా రాసి పాసై, ఉద్యోగం ఇంటర్వ్యూలో మొదటిసారి వరుసగా ఐదు వాక్యాలు ఇంగ్లీష్‌లో మాట్లాడా. ఇప్పుడు నేను కూడా పాఠం చదివి తెలుగులో అర్థమే చెప్తున్నా. ఇంగ్లీష్ ఎలా నేర్పాలో నేర్పడానికి 1958లోనే హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వం ఒక సంస్థ పెట్టింది, మనం సీఫెల్ అనేవాళ్లం, ఇప్పుడది ఇఫ్లూ యూనివర్సిటీ. తార్నాక వైపు వెళ్లినప్పుడల్లా ఆ గేటు చూస్తా. దేశమంతటికీ దారి చూపాల్సిన చోటు మన ఊళ్లోనే ఉంది, మన ఇంటర్ పిల్లాడు మాత్రం గైడులోనే ఉన్నాడు.

పోయినేడు ఒక పాత స్టూడెంట్ ఫోన్ చేశాడు. ఇంటర్‌లో ఇంగ్లీష్ 93 వాడికి. బీటెక్ అయింది, కంపెనీ వాళ్లు ఫోన్‌లో ఇంటర్వ్యూ చేస్తామన్నారట. "సార్, వాట్సాప్‌లో అడిగితే రాసేస్తా సార్, ఫోన్‌లో అంటేనే టెన్షన్‌గా ఉంది" అన్నాడు. మాట్లాడుతుంటే వాడి గొంతు వణుకుతోంది, అదీ నాతో, తెలుగులో. ఆ 93లో కొన్ని నేను వేయించినవే. ఇలాంటివాళ్లే తర్వాత అమీర్‌పేట్‌లో స్పోకెన్ ఇంగ్లీష్‌కు మళ్లీ ఫీజు కడతారు. పన్నెండేళ్లు సబ్జెక్టుగా చదివినదాన్ని మూడు నెలల్లో నేర్పుతామంటే వెళ్లి కూర్చుంటారు. అమెరికా వెళ్లేవాళ్లయితే వీసా ఇంటర్వ్యూ జవాబులు కూడా బట్టీ పట్టి, చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్తారు. కిటికీ అవతల ఆఫీసర్ ప్రశ్న కాస్త మార్చి అడిగాడా, ఇక అంతే.

ఇంగ్లీష్ రాకపోతే కొంపలేం మునగవు, జపాన్ వాళ్లు బతకట్లేదా అనేవాళ్లున్నారు. నాకూ అదే అనిపిస్తుంది ఒక్కోసారి. కానీ అప్పుడు ఇంగ్లీష్ మీడియం అని ఫీజులు గుంజకండి, ఆ పేరుతో ఓట్లూ అడగకండి. 2023లో ఆంధ్రలో ప్రభుత్వ బడి పిల్లలకు మూడో తరగతి నుంచే టోఫెల్ అనే ఇంగ్లీష్ పరీక్ష అన్నారు, ప్రభుత్వం మారగానే ఆ ముచ్చట ముగిసింది. పిల్లాడి నోరు అలాగే ఉంది.

తెలంగాణలో ఒక మంచి పని జరిగింది, అది ఒప్పుకోవాలి. 2023-24 నుంచి ఇంటర్ ఇంగ్లీష్‌కు ప్రాక్టికల్స్ పెట్టారు, రాతకు 80, ప్రాక్టికల్‌కు 20. ఆ వార్త చదివిన రోజు నిజంగా సంతోషించా, ఇక నా పీరియడ్ ఎవరూ తీసుకోలేరనుకున్నా. అయితే మా దగ్గర 20కి 20 ఎలా తెప్పించాలన్నదే మొదటి మీటింగ్‌లో మాట్లాడుకున్నారు. రెండో మీటింగ్ జరగలేదు. పిల్లల చేత రికార్డు బుక్కులు కొనిపించారు.

రేపు మా కాలేజీలో ప్రాక్టికల్స్. ఇప్పుడు రాత్రి పదకొండయింది, 76 రికార్డుల్లో సంతకాలు పెడుతున్నా. సెల్ఫ్ ఇంట్రడక్షన్ అందరిదీ ఒకటే, ఎవడో ఒకడు రాశాడు, మిగతావాళ్లు పేరు మార్చుకుని ఎక్కించారు. అందరి హాబీ పాటలు వినడమే. మన 'డెబ్ట్' అబ్బాయి రికార్డులో వాళ్ల నాన్న ఆర్టీసీ కండక్టర్ అని ఉంది. ఆయన టైలర్, నా చొక్కాలు కుట్టేది ఆయనే.